నీటికి వదిలిన జాగా

(నవాబ్ అలీ నవాజ్ జంగ్ స్మృతిలో చిక్కడపల్లిలో చేసిన ఉపన్యాసం)

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చి వెనక వరుసలన్నీ నింపేసిన విద్యార్థులకు ముందే ఒక మాట. ఇవాళ నా నోట వచ్చే సంవత్సరాల్లో కొన్ని గ్రూప్స్ పరీక్షల్లో అడిగేవే. వాటి కోసమే వచ్చినవాళ్లు అవి రాసుకుని మధ్యలో లేచి వెళ్లినా నేనేమీ అనుకోను.

మనం స్మరించుకుంటున్న మనిషి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. ఇక్కడి సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులో, మదరసా-ఎ-ఆలియాలో, నిజాం కాలేజీలో చదివి, 1896లో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1899లో తిరిగొచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరయ్యారు. 1918 నాటికి చీఫ్ ఇంజనీరు. హిమాయత్‌సాగర్, నిజాంసాగర్, పాలేరు, వైరా ఆయన హయాంలో పూర్తయినవో మొదలైనవో. 1938లో జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడి నెహ్రూ దానికి అధ్యక్షుడైనప్పుడు, నదులు, సాగునీటి ఉపసంఘానికి అధ్యక్షత వహించింది మన అలీ నవాజ్ జంగే. ఒక సంస్థానం ఇంజనీరుకు దేశమంతటి నదుల గురించి ఆలోచించమని పని అప్పగించారన్నమాట. 1949 డిసెంబర్‌లో కన్నుమూశారు. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుతోంది. ఆ రోజు విగ్రహానికి దండ పడుతుంది. ఆయన చేసిన పనికి ఏం పడుతోందన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

పార్కుల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. డ్యాములు కట్టినాయన పేరు మీద పార్కులేమిటని. వాళ్ల సందేహం న్యాయమే. నా వాదన ఒక్కటే: జలాశయమూ పార్కూ ఒకే రకం పని. రెండూ జాగాను ఖాళీగా పట్టి ఉంచడానికే ఉన్నాయి. ఆ ఖాళీని కాపాడలేని నగరం ఎన్ని డ్యాములు కట్టినా మునుగుతుంది. దీన్ని మెట్టుమెట్టుగా చెబుతాను.

1

1908 సెప్టెంబర్ చివరి వారం. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. 28వ తేదీన మూసీ నగరాన్ని ఊడ్చేసింది. పోయిన ప్రాణాలు 15 వేలని సాధారణంగా చెప్పే లెక్క. అఫ్జల్ పార్కులోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ పార్కు జాగా ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, చెట్టూ అక్కడే ఉంది. చూడనివాళ్లు చూడండి. మన ఊళ్లో ఒక పార్కు ఇంతకన్నా పెద్ద పని చేసిన దాఖలా నాకు తెలియదు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ముందు నదిని చూడలేదు, నది వెనకున్న నేలను చూశారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని లెక్క తేల్చారు. వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. అంటే మీద పడిన నీళ్లకు తోడు, అన్ని చెరువుల్లో నిలిచిన నీళ్లూ ఒక్కసారిగా దిగివచ్చాయి. ఆయన చెప్పిన చికిత్స రెండు పెద్ద జలాశయాలు: మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. వాటితోపాటు నది ఒడ్డున రోడ్లు, తోటలు కూడా సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనందరికీ గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, తాగునీటి చెరువే. ఆ నీళ్లు తాగితే హైదరాబాద్ వదిలి వెళ్లబుద్ధి కాదని మా తరం అనుకునేది. కానీ ఆ కట్ట లేవడానికి మొదటి కారణం దాహం కాదు, వరద. ఆ జలాశయాల్లో కొంత భాగం వరద వచ్చేదాకా ఖాళీగా ఉండాలి, వచ్చిన వరదను పట్టుకుని, నది మోయగలిగినంతే మెల్లగా కిందికి వదలాలి. తాగునీటి జలాశయం నిండితే విలువ. వరద జలాశయం ఖాళీగా ఉంటేనే విలువ. ఒకే కట్ట వెనక ఈ రెండు పనులూ పెట్టారు. నడిపేవాడికి రోజూ ధర్మసంకటం. చీఫ్ ఇంజనీరు ఉద్యోగమంటే ఆ ధర్మసంకటాన్ని వందేళ్లపాటు మోయగలిగేలా కట్టి అప్పజెప్పడం.

దీన్ని గుర్తుపెట్టుకోండి. అయిదో మెట్టులో పనికొస్తుంది.

2

పల్లెల నుంచి వచ్చినవాళ్లకు శిఖం భూమి తెలుసు. చెరువు నిండినప్పుడు మునిగే నేల. నీళ్లు దిగిపోయాక అందులో ఎండాకాలం పంట వేసుకునేవాళ్లు, పశువులను తోలేవాళ్లు. మళ్లీ వానలు పడి మత్తడి దుంకేసరికి నేల చెరువుది. దాని మీద గోడ కట్టకూడదన్నది ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. చెరువు నీళ్లు పంచే నీరటికి మరీ తెలుసు. ఏడాదిలో ఎనిమిది నెలలు పొడిగా కనిపించే నేలను ఖాళీ జాగా అనుకోకుండా ఉండటం మన పల్లె సాధించిన గొప్ప విద్య.

నగరంలో పార్కు శిఖం లాంటిది. పొడి రోజుల్లో వాకింగుకు, పిల్లల ఆటకు, చదువుకు. వాన రోజున నీళ్లు నిలిచి, ఇంకి, ఆలస్యంగా నాలాకు చేరడానికి. ఈ రెండో పని మనం పార్కుకు అప్పగించడం మానేశాం. పార్కు అనగానే టైల్స్ పరిచిన దారి, ఓపెన్ జిమ్, ఫౌంటెన్. వాన నీరు నిలిస్తే పార్కు పాడైందని కార్పొరేటర్‌కు ఫిర్యాదు. నిజానికి నాలుగు గంటలు నీళ్లు నిలిచిన పార్కు తన ఉద్యోగం తాను చేస్తోంది. అది నిలవకపోతే ఆ నీళ్లు మన సెల్లార్‌లో నిలుస్తాయి.

3

ఇప్పుడు మన వీధులకు వస్తాను. మీకూ నాకూ ఎక్కువ తెలిసిన నేల ఇదే.

హుస్సేన్‌సాగర్ కట్ట 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టింది. కట్టకు దిగువన ఉన్నదంతా ఏమిటి? దోమలగూడ, అశోక్‌నగర్, గాంధీనగర్, చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట. చెరువు నిండాక పొంగే నీళ్లు నాలాలో ఈ బస్తీలను ఒరుసుకుంటూ గోల్నాక దగ్గర మూసీని చేరాలి. మనం కాపురముంటున్నది చెరువు కింది నేల. ఇది తిట్టు కాదు, చిరునామా.

2000 ఆగస్టు 24న ఈ చిరునామా అందరికీ తెలిసింది. 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ నిండి పొంగింది. ఆ నీటికి పోవడానికి ఉండాల్సిన వెడల్పు లేదు. దోమలగూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్‌లలో ఇళ్ల మొదటి అంతస్తుల దాకా నీళ్లొచ్చాయి. ఈ హాలులో యాభై దాటినవాళ్లలో ఆ రాత్రి డాబా మీద గడిపినవాళ్లు ఉంటారు, చేతులెత్తమని అడగను. ఆ తర్వాత నగరం నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ చేత అధ్యయనం చేయించారు. 2003లో నివేదిక వచ్చింది. నాలాలు వెడల్పు చేయాలంది, అడ్డంగా ఉన్నవి తీయాలంది. ఆ తర్వాత ప్రతి పెద్ద వానకూ ఆ నివేదిక పేరు పత్రికల్లో వస్తుంది, ఎండకాస్తే పోతుంది. 2020 అక్టోబర్ వరదలప్పుడూ వచ్చింది. ఈమధ్య మన నాలాకు రెండువైపులా గోడలు కడుతూ వస్తున్నారు. మంచిదే. కాకపోతే గోడ నీళ్లను తొందరగా తోస్తుంది తప్ప నిలపదు. అశోక్‌నగర్ వరదను నల్లకుంటకు బదిలీ చేయడాన్ని పరిష్కారమనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇందిరా పార్కు సరిగ్గా కట్ట కిందే ఉంది. 1975 సెప్టెంబర్‌లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో జనానికి తెరిచారు. 76 ఎకరాలు. ఈ చుట్టుపక్కల ఇంత నేల ఒక్క ముక్కగా సిమెంటు లేకుండా మిగిలింది ఇదొక్కటే. గంధపు చెట్లున్నాయి, దొంగలూ ఉన్నారు. 2001లో సుబ్రత బసు అనే ఆదాయపు పన్ను అధికారి రూపకల్పనతో రాళ్ల తోట వచ్చింది. ఆయన చిత్రకారుడు కూడా. పన్ను వసూలుచేసే చేతులతో రాళ్లు పేర్చి జనానికి ఇచ్చిన ఆ మనిషి నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తాడు. పార్కు గేటు బయట ధర్నా చౌక్. ప్రభుత్వం 2017లో అక్కడ ధర్నాలు వద్దంది, హైకోర్టు 2018లో మళ్లీ తెరిపించింది. ఖాళీ జాగాకు నోరు కూడా ఉంటుందని ఆ ఏడాదిన్నరలో తెలిసింది.

2023 ఆగస్టులో ఇదే పార్కు దగ్గర నుంచి వీఎస్‌టీ చౌరస్తా దాకా ఉక్కు వంతెన వచ్చింది. రెండు కిలోమీటర్ల పైమాటే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రద్దీలో అంబులెన్స్ ఇరుక్కోవడం చూసినవాడిని, వంతెన వద్దనను. నేను అడిగేది వేరు. వాహనాల కోసం గాలిలో రెండు కిలోమీటర్లకు పైగా జాగా కనిపెట్టగలిగినవాళ్లం, నీళ్ల కోసం నేల మీద ఎందుకు కనిపెట్టలేం?

అశోక్‌నగర్‌లో సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లండి. లోపల కుర్చీ దొరకని పిల్లలు ఆవరణలో చెట్ల కింద పుస్తకాలు పెట్టుకుని కనిపిస్తారు. మన ప్రాంతంలో ఎక్కువ చదువు జరిగే గది ఆ చెట్లనీడే. నవ్వకండి, మీలో సగం మంది అక్కడి నుంచే వచ్చారు. నారాయణగూడ మెల్కోటే పార్కు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కు ఆ పనే ఇంకో రకంగా చేస్తున్నాయి. ఒకటి ఊపిరాడని బజారుకు, ఒకటి హౌసింగ్ బోర్డు ఇళ్లకు. వాటి విస్తీర్ణం చిన్నది, వాటి మీద కన్ను వేసినవాళ్ల సంఖ్య పెద్దది.

4

పార్కులను కబ్జాదారులు మింగుతారని అనుకుంటాం. కొన్నిచోట్ల నిజమే. కానీ మన నగరంలో బాగా పాత పార్కుల్లో ఒకదాన్ని మింగింది కబ్జాదారు కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను చూడండి. బాగ్-ఎ-ఆమ్, పందొమ్మిదో శతాబ్దం నాటి తోట. 1913లో అందులో టౌన్‌హాలు వచ్చింది, అదే తర్వాత అసెంబ్లీ అయింది. 1930లో మ్యూజియం. జూబ్లీ హాలు. తర్వాత జవహర్ బాలభవన్. తర్వాత లలిత కళాతోరణం. తర్వాత ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం. ఇందులో ఏ ఒక్కటి చెడ్డ పని? మ్యూజియం వద్దని ఎవరంటారు? పిల్లలకు బాలభవన్ వద్దని ఎవరంటారు? ప్రతిదానికీ మంచి కారణముంది, మంచి మంత్రి ఉన్నాడు, మంచి ప్రారంభోత్సవం ఉంది. అన్ని మంచి పనులూ కలిసి తోటను తిన్నాయి.

అందుకే పార్కుల అధికారి ఉద్యోగం కష్టమైనదంటాను. కట్టేవాడికి శిలాఫలకం ఉంటుంది. కట్టనివ్వనివాడికి ఉండేది బదిలీ ఉత్తర్వు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక అధికారి నాలుగు ఎకరాలను అలాగే ఖాళీగా నిలబెడితే, వీడ్కోలు సభలో చెప్పడానికి ఏమీ ఉండదు. ఏమీ జరగకుండా చూడటమే ఆయన చేసిన పని. అటువంటి వాళ్లు ఉద్యానవన విభాగంలో, అటవీ శాఖలో, సర్వే విభాగంలో ఈ నగరానికి చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. అలీ నవాజ్ జంగ్ పేరు తెలియడానికి కారణం ఆయన ఖాళీలకు కట్టలుండటం.

5

ఇప్పుడు ఎదురు వాదన. లేకపోతే ఇది ఉపన్యాసం కాదు, భజన.

ఖాళీ జాగా ఎవరిది? నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలన్న లక్ష్యం. బోధన్ చక్కెర, నిజామాబాద్ వరి అన్నీ దాని చలవే. దాని కింద నలభైకి పైగా ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్ల వంశాల్లో ఎవరైనా ఈ హాలులో ఉంటే, అలీ నవాజ్ జంగ్ గురించి వాళ్ల ఇంట్లో చెప్పుకున్న మాట వేరేగా ఉండి ఉంటుంది. నగరంలోనూ అంతే. మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, ఆరుబయలు జాగాలు తెచ్చింది. ఇరుకు బస్తీలను పడగొట్టి తెచ్చింది. ఖాళీ అనేది ఎవరో ఒకరు లేచి వెళ్తే వచ్చినదే చాలాసార్లు.

ఇంకొకటి, పూడిక. నిజాంసాగర్ మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు పట్టేది 18 లోపు. పై నేలను, పై అడవిని చూసుకోకుండా కట్టను మాత్రమే చూసుకుంటే మిగిలేది ఇదే. ఇది ఇంజనీరు ఒక్కడి తప్పని నేను అనను. కట్ట ఒక శాఖ చేతిలో, పరీవాహకం పది శాఖల చేతిలో ఉంది.

ఇక జీవో 111. 1996 మార్చి 8. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, లక్షా ముప్పై రెండు వేల ఎకరాల మీద నిర్మాణాలకు ఆంక్షలు. కొత్త లేఅవుట్లలో 60 శాతం నేల రోడ్లకూ ఖాళీ జాగాకూ వదలాలన్నారు. సుప్రీంకోర్టు ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో ఈ జలాశయాల పక్షాన నిలిచింది. పాతికేళ్లు గడిచాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు తీసేస్తూ జీవో 69 ఇచ్చారు, 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తివేయాలని తీర్మానించింది. చెప్పిన కారణం: నగరానికి ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, గోదావరి నీళ్లు వస్తున్నాయి, జంట జలాశయాల మీద ఆధారపడటం లేదు.

మొదటి మెట్టులో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తాగడానికి అక్కర్లేదన్న మాట పూర్తిగా నిజమనే అనుకుందాం. వరద మాటేమిటి? కృష్ణా పైపులైను మూసీ వరదను ఆపదు. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తాక మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది, ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది. ఎగువ నేల మీద సిమెంటు పడిన కొద్దీ అదే వానకు జలాశయంలోకి నీళ్లు ఇంకా ఎక్కువగా, ఇంకా తొందరగా వస్తాయి. ఖాళీ ఉంచడానికి ఇంజనీరుకు దొరికే వ్యవధి అంత తగ్గుతుంది. జీవో ఎత్తివేత తప్పుడు నిర్ణయమని నా అభిప్రాయం. సభలో ఒప్పుకోనివాళ్లు ఉంటారు, తర్వాత టీ దగ్గర కొట్లాడుకుందాం.

కానీ ఆ 84 గ్రామాల రైతు కోపం తప్పుకాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరం మీద పెద్ద కట్టడమేదీ లేవనివ్వలేదు. పాతికేళ్లు ఈ నగరం మునగకుండా ఆయన తన నేలను ఖాళీగా ఉంచాడు. దానికి మనం ఏం చెల్లించాం? నా ప్రతిపాదన సూటిది: నగరం ఆ ఖాళీకి కౌలు కట్టాలి. ఆస్తిపన్నులో ఒక భాగాన్ని ఏటా ఎకరానికి ఇంత అని ఆ రైతులకు నేరుగా ఇవ్వాలి. ఈ నగరం మునగకుండా ఉండటంలో మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ రైతుల వాటా ఉందని మన పన్ను రసీదు మీద అచ్చు వేయాలి. ఉచితంగా అడిగే త్యాగాన్ని ఎవరూ రెండు తరాలకు మించి చేయరు.

6

పోయిన ఖాళీ తిరిగి రాదనే నిరాశ ఒకటుంది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఏళ్ల తరబడి మట్టి, చెత్త కింద ఉంది. ప్రభుత్వ సంస్థ హైడ్రా దాన్ని తవ్వించింది. తవ్వుతుండగా నీళ్లు ఊరాయి. 2025 సెప్టెంబర్‌లో అక్కడ బతుకమ్మ ఆడారు. మన బాగ్‌లింగంపల్లి నుంచి ఆటోలో పోయేంత దూరం. ఇది ఒక కుంట సంగతే. కానీ నేల నీటిని మరచిపోలేదనడానికి సాక్ష్యం.

నా చివరి మాట ఒక విన్నపం. ఈ సభలో వాకింగ్ సంఘాలవాళ్లున్నారు, కాలనీ సంక్షేమ సంఘాలవాళ్లున్నారు, రేపు డిప్యూటీ కలెక్టర్లు కాబోయేవాళ్లున్నారు. మొదటి రెండు రకాల సంఘాలవాళ్లకు: మీ పార్కు లేఅవుట్‌లో మొదట ఎంత, ఇప్పుడు కొలిస్తే ఎంత, మీ పక్క నాలా రికార్డులో వెడల్పు ఎంత, ఇప్పుడు ఎంత, ఈ నాలుగు అంకెలూ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. వచ్చిన జవాబును పార్కు గేటు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కాబోయే అధికారులకు: ఆ దరఖాస్తు ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. దాన్ని పక్కన పెట్టకుండా 30 రోజుల్లో జవాబివ్వండి.